ప్లాస్టిక్ రాకముందు కరెంటు కేబుళ్లకు ఇన్సులేషన్‌గా ఏం వాడేవారు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీ తాతగారు 1930ల్లో కట్టించిన ఇంటికి రిపేర్లు చేయిస్తున్నారు. గోడ మీది చెక్క పట్టీ ఊడదీస్తే నల్లటి గుడ్డ చుట్టిన వైర్లు కనిపించాయి, వేలితో తాకితే లోపలి రబ్బరు పొడిపొడిగా రాలింది. గేటు దగ్గర తవ్వుతుంటే సీసం గొట్టంలాంటి పాత కేబుల్ ముక్క దొరికింది, కోసి చూస్తే లోపల అంతా జిడ్డు కాగితం. "కాగితం చుట్టి కరెంటు ఎలా పంపారండీ? ప్లాస్టిక్ లేని రోజుల్లో అసలు ఏం వాడేవారు? ఈ వైర్లు ఇంకా పనికొస్తాయా?" అని అడిగారు. తాతగారి గుర్తుగా ఒక ముక్క దాచుకుంటానని కూడా అన్నారు.

ముందు చివరి ప్రశ్నకు జవాబు: పనికిరావు. మెయిన్ ఆపించండి, ఆ వైర్లను వంచకండి, లాగకండి, వాటికి కొత్త వైరు కలపకండి. ఎందుకో కింద రాస్తాను.

ఇక మొదటి రెండింటికీ కలిపి: ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో ఇళ్లలో గంధకం కలిపి ఉడికించిన రబ్బరు, భూమిలో నూనె తాగించిన కాగితం, దాని మీద సీసం తొడుగు, సముద్రం అడుగున గట్టాపర్చా అనే చెట్టు పాలు. వీటి చుట్టూ నూలు, జనపనార, తారు, మైనం తోడుగా ఉండేవి. మీకు దొరికినవి అందులో మొదటి రెండు రకాలూ.

నేను 1979లో జాయింటర్ (కేబుల్ ముక్కలను అతికేవాడు) దగ్గర హెల్పర్‌గా చేరి 31 ఏళ్లు భూగర్భ కేబుళ్ల పనిలోనే ఉన్నాను. చేరినప్పుడు మా చేతిలో ఉన్నవన్నీ కాగితం కేబుళ్లే, అందుకని వాటి గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

కాగితం కరెంటుకు శత్రువు కాదు, కాగితానికి శత్రువు నీళ్లు. పొడి కాగితం చాలా మంచి ఇన్సులేటర్. కానీ గాలిలోని చెమ్మను అది ఇట్టే పీల్చుకుంటుంది, పీల్చుకున్న మరుక్షణం నుంచి దాని బలం పోతుంది. అందుకని ఫ్యాక్టరీలో రాగి తీగ మీద కాగితం పట్టీలను పదుల వరుసలు చుట్టి, ఆ చుట్టను పెద్ద పాత్రలో పెట్టి వేడి చేస్తూ, లోపలి గాలిని పంపుతో లాగేసి ఉన్న తడి మొత్తం తీసేవారు. తర్వాత అదే పాత్రలోకి వేడి నూనె వదిలేవారు. ఉత్త నూనె అయితే పల్లం వైపు జారిపోతుంది కాబట్టి అందులో రోజిన్, అంటే మన గుగ్గిలంలాంటి చెట్టు జిగురు, కలిపి చిక్కబరిచేవారు. కాగితంలోని ప్రతి సందులోనూ నూనె నిండాక, ఎక్కడా అతుకు లేకుండా సీసాన్ని గొట్టంలా దాని మీదికి ఒత్తి పోసేవారు. మీకు దొరికిన ముక్కలో సీసం ఉన్నది కరెంటు కోసం కాదు, కాగితాన్ని పొడిగా ఉంచడం కోసం. సీసం మీద మళ్లీ తారు పట్టించిన జనపనార, దాని మీద ఉక్కు పట్టీ, మళ్లీ తారు నార ఉంటాయి. ఉక్కు పట్టీ గడ్డపార దెబ్బ నుంచి కాపాడడానికి.

జాయింట్ వేసేటప్పుడు ఈ సంగతి బాగా తెలిసొస్తుంది. కేబుల్ కోసి సీసం వెనక్కి తీసిన వెంటనే మేము చేసే మొదటి పని తడి పరీక్ష. చిన్న గిన్నెలో కాంపౌండ్ నూనెను 130 డిగ్రీల దాకా కాచి, కాగితం పట్టీ ఒకటి పటకారుతో చింపి అందులో ముంచేవాళ్లం. చేత్తో పట్టుకోకూడదు, వేలి చెమట చాలు పరీక్ష తప్పవడానికి. కాగితం పొడిగా ఉంటే గిన్నెలో ఏ చప్పుడూ ఉండదు, పట్టీ మౌనంగా మునుగుతుంది. తడి ఉంటే, కాగే నూనెలో కడిగిన కరివేపాకు వేసినట్టు చిటపటమని నురుగు లేస్తుంది. సీసానికి దగ్గరి పట్టీ ఒకటి, మధ్యలోది ఒకటి, రాగిని ఆనుకున్నది ఒకటి, ఇలా మూడు చోట్ల నుంచి తీసి చూడాలి, ఎందుకంటే నీళ్లు సీసంలో చిల్లు పడి బయట నుంచి రావచ్చు, లేదా తెగిన కొస నుంచి రాగి పురుల (మెలేసిన సన్న తీగల) సందుల్లోంచి దూరం పాకి రావచ్చు. చిటపటమంటే ఒక అడుగు వెనక్కి కోసి మళ్లీ పరీక్ష.

నేను కొత్తగా జాయింటర్ అయిన రోజుల్లో, శ్రావణ మాసంలో ఒక రాత్రి, 11 కేవీ (11,000 వోల్టుల) కేబుల్ పేలి ఒక పేట మొత్తం చీకటైంది. గోతి మీద టార్పాలిన్ కట్టి కోశాం. మొదటి పట్టీ చిటపట, అడుగు కోశాం, మళ్లీ చిటపట, ఇంకో అడుగు. మూడోసారికి గిన్నె నిశ్శబ్దంగా ఉంది. కానీ ఈలోగా కేబుల్ పొట్టిదైపోయింది, రెండు కొసలూ కలవవు. మధ్యలో కొత్త ముక్క వేసి ఒక జాయింట్ బదులు రెండు జాయింట్లు వేయాల్సి వచ్చింది. తెల్లవారింది. కరెంటు ఎప్పుడిస్తారని చుట్టూ జనం, పై నుంచి ఫోన్ల మీద ఫోన్లు, ఆ టెన్షన్‌లో కూడా మా మేస్త్రి "కాగితం ఊరుకున్నాకే మనం ముందుకెళ్లాలి" అని కదలలేదు. అసలు ఆ కేబుల్ పేలింది ఎందుకో తర్వాత తెలిసింది. రెండేళ్ల కింద ఎవరో వానలో హడావిడిగా అక్కడ జాయింట్ వేశారు, ఆ తడి లోపలే ఉండిపోయింది.

కాగితాన్ని పెద్ద వోల్టేజికి మొదట వాడి చూపించినవాళ్లలో ముందు చెప్పాల్సిన పేరు సెబాస్టియన్ డి ఫెరాంటి. అప్పటికి వయసు 26 ఏళ్లు. లండన్ శివార్లలోని డెట్‌ఫర్డ్‌లో పవర్ స్టేషన్ కట్టి, 1890 ప్రాంతంలో అక్కణ్ణుంచి నగరం నడిబొడ్డుకు దాదాపు 7 మైళ్లు 10,000 వోల్టుల మీద కరెంటు పంపాలనుకున్నాడు. అప్పటికి దొరికే రబ్బరు కేబుళ్లు ఆ వోల్టేజికి నిలవలేదు. దాంతో తనే తయారు చేసుకున్నాడు: ఒక రాగి గొట్టం, దాని మీద మైనం పట్టించిన మామూలు గోధుమరంగు కాగితం దాదాపు అరంగుళం మందాన, దాని మీద ఇంకో రాగి గొట్టం. ఒక్కో ముక్క 20 అడుగులు. అంటే మైలుకు 264 ముక్కలు, అన్ని జాయింట్లు! రోడ్డు మీద గోతిలో కూర్చుని జాయింట్లు వేసినవాడిగా ఆ లెక్క తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఇది జనానికి ప్రమాదం కాదని నిరూపించడానికి ఆయన సహాయకుడు ఒకరు కరెంటు ఉన్న కేబుల్ మీద ఉలి పట్టుకుంటే, ఇంకొకరు సుత్తితో కొట్టి లోపలికి దించారు. బయటి గొట్టం ఎర్త్ అయి ఉండడం వల్ల ఫ్యూజు పోయిందే తప్ప మనిషికి ఏమీ కాలేదు. ఆ కాగితం కేబుల్ భాగాలు కొన్ని 1930ల దాకా పనిచేశాయి.

ఆ తర్వాత ముప్పై ఏళ్లలో కాగితమే రాజ్యమేలింది. కాకపోతే మూడు ఫేజులకు మూడు కోర్లు (కాగితం చుట్టిన తీగలు) ఒకే సీసంలో పెట్టి, వాటన్నిటి చుట్టూ ఇంకో కాగితం పట్టా చుట్టే పద్ధతి, దాన్ని బెల్టెడ్ కేబుల్ అంటాం, 11 కేవీ వరకు బాగా నడిచింది. 33 కేవీకి వెళ్లేసరికి పేలడం మొదలెట్టాయి. ఇందులో కిటుకు ఏమిటంటే, కాగితం వరుసలను అడ్డంగా చీల్చుకుని పోవడం కరెంటుకు కష్టం, వరుసల వెంబడి పాకడం సులువు. పుస్తకాన్ని మేకుతో గుచ్చడానికీ, పేజీల మధ్యన రేకు దూర్చడానికీ ఉన్నంత తేడా. బెల్టెడ్ కేబుల్‌లో మూడు కోర్ల మధ్య ఒత్తిడి కొంత కాగితం వెంబడే పడుతుంది. పైగా కోర్ల మధ్య సందుల్లో నింపిన నార, కాగితం పోగుల్లో నూనె సరిగా నిండని ఖాళీలుంటాయి. జర్మనీలో మార్టిన్ హోక్‌స్టాటర్ 1914 నాటికి దీనికి మందు కనిపెట్టాడు. ఒక్కో కోరు మీదా పలుచటి లోహపు పూత ఉన్న కాగితం చుట్టి దాన్ని ఎర్త్ చేశాడు. అప్పుడు ఒత్తిడి అంతా తీగ నుంచి తిన్నగా బయటికే, కాగితాన్ని అడ్డంగా దాటే దిక్కులోనే పడుతుంది, నార సందుల మీద అసలు పడదు. ఆయన పేరు మొదటి అక్షరంతోనే దాన్ని హెచ్ టైప్ కేబుల్ అన్నారు. ఇప్పుడు మనం వాడే 11 కేవీ ఎక్స్ఎల్‌పీఈ (గట్టిపరిచిన పాలిథీన్ ప్లాస్టిక్) కేబుల్ కోరు మీది రాగి పట్టీ కూడా ఆ ఆలోచన వారసురాలే.

ఇంకా పై వోల్టేజికి మరో చిక్కు. లోడు పెరిగితే కేబుల్ వేడెక్కుతుంది, లోపలి నూనె ఉబ్బి మెత్తటి సీసాన్ని సాగదీస్తుంది. రాత్రి చల్లబడితే నూనె ముడుచుకుంటుంది గానీ సాగిన సీసం వెనక్కి రాదు. ఆ తేడా అంతా లోపల ఖాళీలుగా మిగులుతుంది. ఆ ఖాళీల్లో సన్నటి మెరుపులు మొదలై కాగితాన్ని కొంచెం కొంచెంగా కాలుస్తాయి. పేలిన పాత 33 కేవీ కేబుల్ ఒకటి విప్పినప్పుడు నేను చూశాను. పట్టీ మీద పట్టీ విప్పుతుంటే లోపల నల్లటి గీతలు, చెట్టు కొమ్మల్లా చీలుతూ, ఒక వరుసలో మొదలైనది కింది వరుసలోకి దిగి ఇంకో పక్కకు పాకి, చివరికి రాగి దాకా. మధ్యమధ్యలో నూనె గడ్డకట్టి వెన్నముద్దలా అయిపోయి ఉంది. ఆ ఒక్క పట్టీ చూస్తే ఏళ్ల తరబడి జరిగింది మొత్తం కళ్లకు కట్టింది. పిరెల్లీ కంపెనీలో పనిచేసిన లుయీజి ఎమాన్యుయేలి దీనికి పరిష్కారంగా రాగి తీగ మధ్యలో బోలుగా దారి వదిలి, అందులో పలుచటి నూనె నింపి, చివర ట్యాంకులు పెట్టాడు. వేడికి నూనె ఉబ్బితే ట్యాంకులోకి, ముడుచుకుంటే ట్యాంకు నుంచి కేబుల్‌లోకి. ఖాళీ ఏర్పడే వీలే లేదు. 1927లో న్యూయార్క్, షికాగోల్లో 132 కేవీ కేబుళ్లు ఈ పద్ధతిలో వేశారు.

టెలిఫోన్ కేబుళ్ల సంగతి ఒక్క మాట. వాటిలోనూ కాగితమే, కానీ నూనె లేకుండా, వదులుగా చుట్టి మధ్యలో గాలి ఉంచేవారు. మాట స్పష్టంగా వినబడాలంటే తీగల మధ్య గాలి ఉండడమే మేలు. నూనె కూడా లేదు కాబట్టి సీసంలో సూది బెజ్జం పడ్డా చాలు, వర్షాకాలంలో పేటకు పేట ఫోన్లు మూగబోయేవి.

ఇప్పుడు మీ ఇంటి రబ్బరు వైరు. రబ్బరును అలాగే వాడితే ఎండకు జిగటగా, చలికి గట్టిగా అవుతుంది. 1840ల్లో అమెరికాలో గుడ్‌ఇయర్, ఇంగ్లండ్‌లో హాన్‌కాక్ గంధకం కలిపి ఉడికించే పద్ధతి తెచ్చాక అది నిలకడగా తయారైంది. కానీ గంధకం రాగితో కలిసి నల్లబడుతుంది, రాగి తగిలిన రబ్బరు కూడా తొందరగా చెడుతుంది. అందుకే ఆ రోజుల వైర్లలో రాగికి కళాయి పూసేవారు, ఇత్తడి గిన్నెలకు పూసినట్టే. మెయిన్ ఆపించి ఊడదీయించిన వైరు ముక్క కొసను కాస్త గీకి చూడండి, పైన వెండిలా తెల్లగా ఉండి లోపల ఎర్రగా రాగి కనిపిస్తుంది. చాలామంది దాన్ని అల్యూమినియం అనుకుంటారు, కాదు. కళాయి మీద స్వచ్ఛమైన రబ్బరు ఒక పొర, దాని మీద గంధకం రబ్బరు, తర్వాత రబ్బరు పట్టించిన గుడ్డ పట్టీ, ఆ పైన నూలు అల్లిక. అల్లికకు మైనమో తారో పట్టించేవారు, ఆ నలుపు అదే. పురులు కూడా లెక్కపెట్టండి. మూడు ఉంటే బహుశా మా పాత ఎలక్ట్రీషియన్లు 3/22 అనేది, ఏడు ఉంటే 7/20 కావచ్చు. మొదటి అంకె పురుల సంఖ్య, రెండోది తీగ గేజి, అంటే మందం నంబరు. ఆ పిలుపు పీవీసీ వైర్లు వచ్చాక కూడా మన షాపుల్లో పోలేదు.

రబ్బరు చావు మూడు దిక్కుల నుంచి వస్తుంది: వేడి, గాలి, వెలుతురు. అందుకే చెక్క పట్టీ లోపల, చీకట్లో ఉన్న భాగం ఎంతో కొంత మెత్తగా ఉండొచ్చు, బల్బు హోల్డరు దగ్గరి జానెడు మాత్రం కాల్చిన అప్పడంలా విరుగుతుంది. కింద చూసి బాగుందనుకుని పైన వదిలేయకండి. ఇక్కడ ఇంకో మోసం ఉంది, ఎలక్ట్రీషియన్లు కూడా పడేది: మెగ్గర్ (ఇన్సులేషన్ ఎంత బాగుందో కొలిచే మీటరు) రీడింగ్ బాగుంది కదా అని ఈ వైరును నమ్మకండి. రబ్బరు పగిలిపోయినా, వైరు కదలకుండా ఉన్నంతసేపు ఆ పగుళ్ల మధ్య పొడి గాలి ఉంటుంది, అదీ ఇన్సులేటరే. రిటైరయ్యాక తెలిసినవాళ్ల పాత బంగళా ఒకటి చూశాను, 14 పాయింట్లు (లైటు, ఫ్యాను, ప్లగ్గు లాంటివి). 50ని పాయింట్ల సంఖ్యతో భాగిస్తే వచ్చినన్ని మెగోమ్‌లు (మెగ్గర్ చూపే కొలత, ఎక్కువుంటే మేలు) కనీసం ఉండాలనేది మేము పాటించే లెక్క, అంటే అక్కడ దాదాపు మూడున్నర చాలు. మే నెలలో 6 వచ్చింది. ఇంటివాళ్లు సంతోషపడ్డారు, నేను మాత్రం మార్చమనే చెప్పాను. వాళ్లు వాయిదా వేశారు. ఆగస్టులో గోడ నిమ్మెక్కి నూలు అల్లిక తడి తాగింది, స్విచ్చు మీద చెయ్యి వేస్తే జివ్వుమంటోందని ఫోన్ చేశారు. వెళ్లి మెగ్గర్ తిప్పితే ముల్లు సున్నా దగ్గర నుంచి కదల్లేదు. అదే వైరు, అదే మెగ్గర్.

గట్టాపర్చా మీ ఇంట్లో ఉండదు, కానీ ఆ కాలం గురించి అడిగారు కాబట్టి రాస్తున్నాను. మలయా, సుమత్రా, బోర్నియో అడవుల్లో పెరిగే చెట్టు పాలు అది. వేడినీళ్లలో వేస్తే ముద్దలా మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడుతుంది, ఉప్పునీటిలో ఏళ్ల తరబడి చెడదు. వెర్నర్ సీమెన్స్ 1847లో దాన్ని అతుకు లేకుండా తీగ మీద ఒత్తే యంత్రం చేశాక సముద్రపు టెలిగ్రాఫ్ కేబుళ్లకు దారి దొరికింది. 1870-71లో మద్రాసు నుంచి పెనాంగ్‌కు వేసిన కేబుల్ కూడా ఆ తరహాదే. ఇంత మంచిదైతే నేల మీద ఎందుకు వాడలేదంటే, ఎండ, గాలి తగిలితే పెళుసెక్కి పగులుతుంది, వేడికి మెత్తబడి తీగ ఓ పక్కకు జారిపోతుంది. చల్లటి చీకటి సముద్రమే దానికి సరైన చోటు. 1933లో ఇంగ్లండ్‌లో ఐసీఐ ప్రయోగశాలలో అనుకోకుండా పాలిథీన్ దొరికాక సముద్రం పని కూడా మెల్లగా దాని చేతుల్లోకి పోయింది.

తారు ఒక్కటే ఇన్సులేషన్‌గా వాడిన కేబుళ్లు కూడా ఉండేవి. ఇంగ్లండ్‌లో క్యాలెండర్ కంపెనీ 1880ల నుంచి గంధకంతో ఉడికించిన తారు కేబుళ్లు చేసింది, వాటిని తొట్టెల్లో పరిచి పైన కాచిన తారు పోసి మూసేసేవారు. చవక, నీళ్లు చొరవు. కానీ వేడెక్కితే తీగ బరువుకు తారులో కిందికి దిగిపోతుంది, అందుకని ఎక్కువ కాలం నిలవలేదు. కాగితం కేబుళ్ల జాయింటు పెట్టెల్లో నింపడానికి మాత్రం తారు మా కాలం దాకా ఉంది.

రబ్బరు పోయి పీవీసీ రావడానికి సగం కారణం సైన్సు, సగం యుద్ధం. జర్మనీ 1930ల్లోనే పీవీసీ వైర్లు వాడడం మొదలెట్టింది. 1942లో మలయా జపాన్ చేతికి పోయి రబ్బరు అందకపోయేసరికి మిగతావాళ్లూ దాని వెంట పడ్డారు. భూమిలో కాగితం మాత్రం చాలాకాలం కదల్లేదు. 1960ల్లో ఎక్స్ఎల్‌పీఈ వచ్చినా, నేను చేరేనాటికి మా స్టోర్‌లో కాగితం కేబుల్ డ్రమ్ములే ఉండేవి. తడి చొరకుండా చూసుకుంటే అది అరవై ఏళ్లు పనిచేయడం నేను చూశాను.

ఇక మీరు చేయాల్సినవి. గేటు దగ్గరి కేబుల్ ముక్క చచ్చిపోయినదని మీరే తేల్చుకోకండి, మీ ఏరియా లైన్‌మన్‌కు చెప్పి చూపించాకే మళ్లీ అక్కడ గడ్డపార వేయండి. మీరు కోసింది ఒక కొస మాత్రమే, రెండో కొస ఎక్కడికి పోతోందో తెలియాలి. ఇంట్లో పాత ఫ్యూజు బోర్డు ఉంటే ఫేజుకూ న్యూట్రల్‌కూ రెండింటికీ ఫ్యూజులు ఉన్నాయేమో చూడమనండి, ఆ రోజుల్లో అలా పెట్టేవారు. న్యూట్రల్ ఫ్యూజు పోతే బల్బు ఆరిపోతుంది గానీ తీగలో కరెంటు అలాగే ఉంటుంది, చాలామంది మెకానిక్‌లు దెబ్బతిన్నది అక్కడే. పాత వైరు లాగి అదే దారిలో కొత్తది ఎక్కించే ఆలోచన వద్దు, కొత్త పైపు, కొత్త వైరు, ఎర్త్ తీగతో సహా మొదటి నుంచి చేయించండి. పాత హీటరు, ఇస్త్రీ పెట్టె తీగల మీద తెల్లటి పీచు కనిపిస్తే అది ఆస్బెస్టాస్ కావచ్చు, గీకకండి, తడిపి కవర్లో కట్టి పక్కన పెట్టండి.

తాతగారి గుర్తుగా ఒక ముక్క దాచుకుంటానన్నారు కదా, తప్పకుండా దాచుకోండి. కాగితం కేబుల్‌ను అడ్డంగా నున్నగా కోయించి, రెండు కొసలకూ మైనం పూస్తే నూనె కారదు, వరుసలన్నీ చక్కగా కనిపిస్తాయి. సీసం ముట్టుకున్న చేతులతో మాత్రం అన్నం తినకండి, సబ్బుతో కడుక్కోండి, పిల్లల చేతికి ఇవ్వకండి. కోసిన కొస ఫొటో ఒకటి ఇక్కడ పెడితే అది ఏ వోల్టేజి కేబులో, బెల్టెడో హెచ్ టైపో చూసి చెబుతాను.